ఎదురు సాక్ష్యం: ఉత్తర తెలంగాణ నేల మీద సాహిత్య, సంస్కృతి పరిశోధన



తెలుగు ఎం.ఏ. తరగతులకు పాఠాలు చెప్పిన మన సారు పేర జరిగే ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘సాహిత్య, సంస్కృతి సిద్ధాంతాలు - ఇంటర్‌డిసిప్లినరీ దృక్పథం’. ఇట్లాంటి శీర్షిక కింద ఇంతవరకు విన్న ప్రసంగాల్లో చాలావాటిది ఒకటే తోవ. ముందు బర్మింగ్‌హామ్, తర్వాత పారిస్, ఆ తర్వాత న్యూయార్క్. చివరి ఐదు నిమిషాల్లో, బయట టీ గ్లాసుల చప్పుడు మొదలయ్యాక, కరీంనగర్. నేను కరీంనగర్ నుంచే మొదలుపెడతాను. బర్మింగ్‌హామ్‌తో పని పడితే అదే వస్తుంది.

తెలుగు పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను పరీక్షకుడిగా చదివే పని కొన్నేళ్ళుగా నా మీద పడింది. వాటి ఆకారం ఇప్పుడు ఇంచుమించు ఖాయమైపోయింది. మొదటి అధ్యాయం రచయిత జీవితం. రెండోది ‘సైద్ధాంతిక నేపథ్యం’. ఇందులోకి ఫూకో వస్తాడు, గ్రాంషీ వస్తాడు, హోమీ భాభా వస్తాడు, ఈ మధ్య పర్యావరణ విమర్శ కూడా వస్తున్నది. మూడో అధ్యాయం తెరిచేసరికి వాళ్ళెవరూ ఉండరు. అక్కడినుంచి కథాసంగ్రహాలు, వాటి నడుమ ‘రచయిత సమాజాన్ని కళ్ళకు కట్టినట్టు చిత్రించారు’ అన్న వాక్యం పదిసార్లు. రెండో అధ్యాయాన్ని చించి పక్కన పెట్టినా మిగతా గ్రంథంలో ఒక్క కామా కదలదు. వైవాలో నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ సిద్ధాంతం చదివాక, మీ రచయిత గురించి అంతకుముందు మీకున్న ఏ నమ్మకం తప్పని తేలింది? చాలామంది గైడు ముఖం చూస్తారు. గైడు ఫ్యాను వైపు చూస్తాడు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఈ ప్రశ్న చుట్టూనే ఉన్నది. చరిత్ర, శాసనశాస్త్రం, మానవశాస్త్రం, సంగీతం మన వాదానికి వత్తాసు పలికే సాక్షులుగా వస్తే వాటితో మనకు పనిలేదు. మన సాక్షులను మనమే తయారుచేసుకోవడంలో తెలుగు శాఖలు ఇప్పటికే ఆరితేరాయి. ఇంకో శాస్త్రం రావలసింది ఎదురు సాక్ష్యం చెప్పడానికి. అది మనలను కాదన్నప్పుడు కాదనిపించుకోవడానికి సిద్ధపడితేనే దాన్ని పిలవాలి. ఉత్తర తెలంగాణ ఈ పనికి బాగా పనికొచ్చే నేల. ఇక్కడి సామగ్రి ఏ ఒక్క శాఖకూ లొంగదు.

కరీంనగర్ నుంచి జగిత్యాల తోవలో గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉన్నది. బండకు చెక్కినవి జైన తీర్థంకరుల బొమ్మలు, వాళ్ళతోపాటు చక్రేశ్వరి. ఆ బొమ్మల దగ్గరే శాసనం. సారు తన తెలుగు ఎం.ఏ. విద్యార్థులను అక్కడికి తోలుకపోయేవారని ఈ హాల్లో ఉన్న చాలామందికి తెలుసు. నిట్టనిలువు ఎండలో అక్షరాలు బండలో కలిసిపోతాయి, వెలుగు ఏటవాలుగా పడితేనే గాటు గాటుకూ నీడ పట్టి లేస్తాయి. అందుకని పొద్దు చూసుకొని బయల్దేరదీసేవారు. శాసనానికి అచ్చు ఎట్లా తీస్తారో కూడా చూపించేవారు. రాతిని కడగాలి, తడిపిన కాగితం పరవాలి, బ్రష్షుతో కొట్టి కొట్టి కాగితాన్ని గాట్లలోకి దింపాలి, కాస్త ఆరాక సిరా గుడ్డతో అద్దాలి. సిరా పట్టిన నల్లని కాగితం మీద అక్షరం తెల్లగా మిగులుతుంది. ‘ఛందస్సు పేపరుకు ఇది సిలబస్సులో ఉన్నదా సార్?’ అని ఎవరో అడిగితే, ‘సిలబస్సే దీంట్లో ఉన్నది’ అన్నారని ఒక ముచ్చట.

ఆ రాతిని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో పంపడు 941లో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. అందులో అర్జునుడి పక్కన తన రాజును నిలబెట్టి, ఇద్దరినీ ఒక్కడిగా చేసి చెప్పాడు. తమ్ముడి శాసనం దరిదాపుగా 945 నాటిది. దానిలో సంస్కృతం ఉన్నది, కన్నడం ఉన్నది, తెలుగులో మూడు కంద పద్యాలు ఉన్నాయి.

మన తెలుగు శాఖలు ఈ మూడు పద్యాలను గట్టిగా పట్టుకున్నాయి. పట్టుకోవలసిందే. నన్నయ 11వ శతాబ్దం వాడు. ఆయనకు ముందే కందం ఇంత నికరంగా నడిచిందని ఈ బండ చెబుతున్నది. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చిన వాదనల కాలంలోనూ, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలోనూ కురిక్యాల పేరు సభల్లో మారుమోగింది. రాజమహేంద్రవరం కంటే ముందు మా గంగాధర అన్నారు. బాగుంది.

అయితే బండ అక్కడితో ఆగదు. పంపని కుటుంబం మూలం వేంగినాటి కమ్మనాడులోని వంగిపర్రు అని అదే చెబుతుంది. అంటే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇల్లు. పుట్టుక బ్రాహ్మణ వంశంలో, నడక జైనంలో. పెద్దవాడు మహాకావ్యానికి కన్నడాన్ని ఎంచుకున్నాడు. చిన్నవాడు ఒకే బండ మీద మూడు భాషలు చెక్కించాడు. ఇప్పుడు ఏ ప్రాంతాభిమాని ఈ సాక్షిని తన పక్షాన బోనెక్కించినా, సగం మాట ఆయనకు అనుకూలంగా చెప్పి మిగతా సగం అడ్డం తిరుగుతుంది. ఛందశ్శాస్త్రాన్ని అడిగితే అది ఇంకో మెలిక పెడుతుంది. కందం తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి ఆస్తి. ప్రాకృతంలో దానికి తోబుట్టువులున్నారు. కాబట్టి ‘అచ్చమైన తెలుగు పద్యం’ అనే మురిపెం కూడా కొంత తగ్గించుకోవాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి ఆపిన విషయం ఇంకొకటి ఉన్నది. జినవల్లభుడు బసది కట్టించాడు, తోట వేయించాడు, చెరువు తవ్వించాడు. ఆ చెరువు పేరు కవితాగుణార్ణవం. అది అన్న పంపని బిరుదు. కవి బిరుదును చెరువుకు పెట్టుకున్న నేల ఇది. మరి ఆ చెరువు ఆయకట్టు ఎంత, తూము ఎక్కడ, దాని నీళ్ళతో ఎవరి పొలం పండింది, ఆ పంటలో బసదికి పోయిన వాటా ఎంత అని ఒక్క సాహిత్య విద్యార్థి అయినా అడగాలి కదా? పంపని కావ్యాన్ని పోషించింది రాజు ఔదార్యం అని రాసి ఊరుకుంటాం. రాజుకు ఔదార్యం చెరువు కింది మడి నుంచి వచ్చింది. ఈ ప్రశ్న వేయడానికి మార్క్స్‌ను చదివి ఉండాలని లేదు. చదివి ఉంటే ఇంకొంచెం ముందుగా తట్టేది, అంతే.

ఇదే గంగాధరకు ఇంకో కావ్యంతో సంబంధం ఉన్నది. సోమదేవసూరి తన ‘యశస్తిలక చంపువు’ను 959లో గంగధారలో, అరికేసరి కొడుకు వాగరాజు కాలంలో ముగించినట్టు చెప్పుకున్నాడు. అది మన గంగాధరేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ కావ్యం మీద అస్సాం పండితుడు కృష్ణకాంత హాండికి 1949లో ఒక పెద్ద ఇంగ్లీషు గ్రంథం రాశాడు, షోలాపూరులో అచ్చయింది. చంపూకావ్యాన్ని పట్టుకొని 10వ శతాబ్దపు మతాలు, రాజనీతి, తర్కం, ఆచారాలు అన్నీ ఆరా తీశాడు. గౌహతి విశ్వవిద్యాలయానికి మొదటి వైస్‌ఛాన్సలర్ ఆయన. మన గుట్టల పక్కన పుట్టిన పుస్తకానికి అంతటి చదువరి బ్రహ్మపుత్ర ఒడ్డున దొరికాడు. కల్చరల్ స్టడీస్ అనే పేరుతో బర్మింగ్‌హామ్‌లో కేంద్రం పెట్టింది 1964లో. రిచర్డ్ హోగార్ట్, స్టూవర్ట్ హాల్‌ల పని మీద నాకు గౌరవం ఉన్నది. కార్మికుడి వినోదాన్ని కూడా కావ్యమంత శ్రద్ధగా చదవాలని వాళ్ళు నేర్పారు. అయితే సాహిత్యాన్ని సంస్కృతి మొత్తంలో పెట్టి చదవడం అక్కడే మొదలైందని మన రెండో అధ్యాయాలు రాస్తుంటే హాండికి గుర్తుకొస్తాడు.

కోశాంబి కూడా గుర్తుకొస్తాడు. డి.డి. కోశాంబి వృత్తికి గణితవేత్త. ఒకపక్క భర్తృహరి సుభాషితాల పాఠాలను పరిష్కరించాడు, ఇంకోపక్క పాత నాణేలను త్రాసులో తూచాడు. చేతులు మారినకొద్దీ నాణెం అరుగుతుంది, ఆ అరుగుదలను లెక్కగడితే అది ఎంతకాలం చలామణిలో ఉన్నదో తెలుస్తుందన్నది ఆయన పద్ధతి. ‘మిత్ అండ్ రియాలిటీ’లో దేవతల కథలను ఊరి పొలిమేరల్లో నడిచి చూసిన గుళ్ళతో, బండలతో కలిపి చదివాడు. కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికినప్పుడు మన దగ్గర జరిగింది కూడా ఈ తీరుదే. పురాణాల రాజవంశాల పట్టీలో ఒక పేరుగా, నానేఘాట్ గోడ మీద ఒక పేరుగా ఉన్నవాడు గోదావరి ఒడ్డున రాగిలో చేతికి తగిలాడు. అప్పుడు పురాణాన్ని మళ్ళీ తెరవవలసి వచ్చింది.

తెలుగులో ఈ తోవ వేసినవాడు సురవరం ప్రతాపరెడ్డి. 1949 నాటి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో వచ్చింది. రాజుల యుద్ధాలు వదిలిపెట్టి, కావ్యాల్లోంచి తిండి, బట్ట, ఆట, జూదం, పంట ఏరి ఏరి పెట్టాడు. ఆ పుస్తకం మీద ప్రేమ ఉన్నవాణ్ణి కాబట్టే ఒక అభ్యంతరం చెబుతాను. ప్రబంధంలో పురవర్ణన వస్తే అది కవి చూసిన పురమా, లేక పురవర్ణన ఉండాలని అలంకారికులు చెప్పారు కాబట్టి వచ్చిన పురమా? సురవరం అక్కడక్కడ ఈ జాగ్రత్త తీసుకున్నాడు. ఆయన తర్వాతివాళ్ళు, ముఖ్యంగా ‘ఫలానా కావ్యంలో సాంఘిక జీవనం’ అని గ్రంథాలు రాసినవాళ్ళు, అస్సలు తీసుకోలేదు. కవి ఏది రాస్తే అది జరిగినట్టే రాసుకున్నారు. ఇక్కడ ఎదురు సాక్ష్యం సాహిత్యశాస్త్రం నుంచే రావాలి, చరిత్రకు అది అడ్డం చెప్పాలి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో తెచ్చిన ‘టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్’ చేసిన పని ఇదే. దక్షిణాదిలో చరిత్ర ఆయా కాలాల్లో బాగా నడుస్తున్న సాహిత్యరూపంలోనే రాయబడింది, ఏది చరిత్రగా చెప్పారో ఏది కథగా చెప్పారో ఆ నాటి చదువరికి రచన నేతను బట్టి తెలిసేది అని వాళ్ళు వాదించారు. ఈ వాదానికి విమర్శకులు ఉన్నారు. ఆ చదువరి చెవి మనకు ఇప్పుడు ఎక్కడిది అని అడగవచ్చు. కానీ సాహిత్య విమర్శకుడికి చరిత్రకారుడి పక్కన కూలిపనివాడి చోటు కాక, మాట చెప్పే చోటు దొరికింది.

గోదావరి దాటి ఆదిలాబాద్ పోదాం. 2016 నుంచి పాత జిల్లా నాలుగు జిల్లాలైంది. నేను పాత అలవాటు కొద్దీ ఆదిలాబాద్ అనే అంటాను.

రాజగోండుల పురాణాలను గోండులు పాడరు. వాళ్ళకోసం పర్ధాన్లు పాడుతారు. ఒక్కో సగకు, అంటే వంశాల కూటమికి, ఆ సగలోని ఒక్కో వంశానికి వంశపారంపర్యంగా పాడే పర్ధాన్ ఇల్లు ఉంటుంది. వంశదేవుడు పెర్సపేన్ కొలుపులో కిక్రి వాద్యం పట్టుకొని ఆ పాట చెప్పడం వాళ్ళ వంతు, పంటలోనూ కానుకలోనూ వాటా వాళ్ళ హక్కు. తోటీలకూ ఇట్లాంటి సంబంధమే ఉన్నది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురం పెట్టి రాసుకున్న ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో అచ్చయింది. అందులో ఈ పురాణాలకు పెద్ద పీట ఉన్నది. ఆయన గమనించిన విషయాల్లో ఒకటి తెలుగు సాహిత్య విద్యార్థికి నిద్ర పట్టనివ్వకూడదు. పర్ధాన్ల ఇంటిభాష మరాఠీ. పురాణం మాత్రం గోండిలో.

ఒక జాతి, దానికొక భాష, ఆ భాషలో దానికొక సాహిత్యం అనే లెక్క మీదే మన సాహిత్య చరిత్రలన్నీ కట్టాం. ఆ లెక్కకు ఇక్కడ పొంతన లేదు. ఇంట్లో మరాఠీ మాట్లాడేవాడు, పక్కింటివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలను వాళ్ళ భాషలో, వాళ్ళకంటే బాగా, తరతరాలుగా కాపాడుతున్నాడు. ఈ పురాణం ఎవరిది? కర్త ఎవరు? ఫూకో ‘రచయిత అంటే ఏమిటి’ అని అడిగిన వ్యాసాన్ని రెండో అధ్యాయంలో పెట్టుకునే విద్యార్థి ఈ ప్రశ్నను ఉట్నూరు సంతలో అడగవచ్చు. అక్కడ దానికి జవాబు చెప్పేవాళ్ళు కూడా దొరుకుతారు.

మౌఖిక పురాణం అనగానే పరీ, లార్డ్‌ల సిద్ధాంతం బయటికి తీస్తాం. యుగోస్లావియా గాయకులను విని, అప్పటికప్పుడు పాట అల్లేవాడికి చేతికందే పదబంధాలు ఉంటాయని, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయని మిల్మన్ పరీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ చెప్పారు. ‘ది సింగర్ ఆఫ్ టేల్స్’ 1960 నాటిది, గొప్ప పుస్తకం. దాన్ని పట్టుకొని పర్ధాన్ పాటలో తిరిగి తిరిగి వచ్చే వంశాల పేర్లు, ఊళ్ళ పేర్లు, దేవుళ్ళ పేర్లు లెక్కబెట్టి ‘ఫార్ములా’ అని ముద్ర వేస్తే సగం తప్పిపోయినట్టే. పాట అల్లడానికి అనువుగా ఉంటాయని మాత్రమే ఆ పేర్లు రావు. ఒక వంశం పేరు పాటలో రావడమంటే ఆ వంశానికి కొలుపులో చోటు ఉన్నట్టు. జారిపోతే కూర్చున్న పెద్దలు ఊరుకోరు. అక్కడ వింటున్నవాడు రసికుడు మాత్రమే కాదు, తన పేరు సరిగ్గా పడిందా లేదా అని చూసుకునే హక్కుదారు. మానవశాస్త్రం ఇచ్చిన ఈ ఎదురు సాక్ష్యం లేకపోతే కావ్యశాస్త్రం ఆ పేర్ల దగ్గర ఆవులిస్తుంది, అనువాదకుడు కత్తిరిస్తాడు. ఇక సంగీతం పక్కన లేకపోతే రాసుకున్న పాఠం వట్టి పొట్టు. మూడు తీగల కిక్రి ఎక్కడ గొంతుతో కలిసి నడుస్తుందో, ఎక్కడ గొంతు ఆగి అది ఒక్కటే సాగుతుందో రాసుకోని సేకరణలో పాట ఏ పాదానికి ముగిసిందో ఎట్లా తెలుస్తుంది? మనం పుస్తకంలో వేసుకునే పాదవిభజన చాలాసార్లు డీటీపీ ఆపరేటరు చేసిన విభజన.

హైమెన్‌డార్ఫ్ గురించి కూడా రెండు సాక్ష్యాలు ఉన్నాయి, రెండూ వినాలి. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది. అప్పుడు దొరికిన మనిషి ఈయన. సర్కారు అండతో పరిశోధించాడు, సర్కారుకు సలహాదారు అయ్యాడు. వలస జ్ఞానం ఏలుబడికి ఎట్లా ఊడిగం చేసిందో ఎడ్వర్డ్ సయీద్ చదివిన విద్యార్థి ఇక్కడ గడగడా చెప్పగలడు, చెప్పాలి కూడా. కానీ మార్లవాయికి పోతే వేరే మాట వినబడుతుంది. భూమి పట్టాలు, 1943లో పెట్టిన గోండు టీచర్ల శిక్షణ కేంద్రం, గోండి వాచకాలు. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో పోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టుకున్నారు. గోండులు మోసపోయారని సిద్ధాంతం చేయడానికి నేను సిద్ధంగా లేను. సయీద్ తప్పనడానికీ సిద్ధంగా లేను. మార్లవాయి పేరు తీయకుండా వలస మానవశాస్త్రం మీద తెలంగాణలో వ్యాసం రాయకూడదన్నదే నా మాట. అంతే గట్టిగా, హైమెన్‌డార్ఫ్‌కు దండలు వేసే సభల్లో సేతుమాధవరావు పగడీ పేరు కూడా తలవాలి. సర్కారు ఉద్యోగంలో ఉంటూ గోండి నేర్చుకున్నాడు, కొలామీకి వ్యాకరణం రాశాడు. మన రెండో అధ్యాయాల్లోకి ఆయన ఒక్కసారీ రాడు.

జోడేఘాట్ దగ్గర ఇంకో చిన్న ముచ్చట. రికార్డుల్లో తేదీ వెతికే చరిత్ర విద్యార్థికి 1940 అక్టోబరులో ఒక రోజు కావాలి. గోండులు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమినాడు భీం వర్ధంతి చేస్తారు, తేదీ ఏటా మారుతుంది. దీన్ని సరిచేయాల్సిన పొరపాటుగా రాసిన వ్యాసం ఒకటి చదివాను. అల్లం రాజయ్య, సాహు కలిసి నవలగా తెచ్చిన భీం, పోలీసు కాగితాల్లో ఉన్న భీం, వెన్నెల రాత్రి కొలుపులో ఉన్న భీం ఒక్కడే మనిషి. కానీ మూడు కాలమానాల్లో ఉన్నాడు. అందులో ఏ ఒక్కదాన్నో అసలుదని నిలబెట్టి మిగతా రెండింటినీ దానికి కొలిచి చూడడం పరిశోధన అనిపించుకోదు.

గుంజాల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటుతాను. నార్నూర్ మండలం గుంజాలలో బయటపడ్డ గోండి రాతప్రతుల మీద జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని దళిత, ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం మిత్రులు ఊరిపెద్దలతో కూర్చొని పనిచేశారు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. దానికి ఏడాది ముందే ఇంకో గోండి లిపి అందులో చేరింది, అది ఇప్పటి మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918లో రూపొందించినది. హైమెన్‌డార్ఫ్ కాలపు వాచకాలు దేవనాగరిలో ఉండేవి. ఇట్లా ఒక భాషకు ఇన్ని లిపులు. లిపిశాస్త్రవేత్తకు అక్షరం వయసు కావాలి, గోండు యువకుడికి ఫోన్‌లో టైపు చేసే కీబోర్డు కావాలి, బడిపంతులుకు ఏ లిపిలో వాచకం వేయాలో తేలాలి. ఈ ముగ్గురి మాటా వినకుండా ‘గోండి సాహిత్యం’ అనే పేపరును ఎం.ఏ.లో పెట్టడం వల్ల ఉపయోగం లేదు.

మళ్ళీ గోదావరి ఇవతలికి వస్తే, సిరిసిల్ల పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ఇట్లా ఒక్కో కులానికి ఒక ఆశ్రిత కులం. వీళ్ళలో చాలామంది చేతిలో ఉండేది చేర్యాల నకాషీలు వేసిన పటం. ఖద్దరు గుడ్డ, దానికి సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూత, ఎర్రటి నేపథ్యం మీద అడ్డంగా అరలు అరలుగా కథ. పై నుంచి కిందికి విప్పుకుంటూ, కర్రతో బొమ్మను తాకుతూ, కథకుడు ఒక్కో అర దాటుతాడు.

ఈ పటం మ్యూజియంలో చిత్రకళ. జానపద విజ్ఞాన శాఖలో కథ. సామాజికశాస్త్ర శాఖలో కుల పత్రం. ఆ మూడూ నిజమే. కానీ కూనపులివాళ్ళకు అది మిరాశీ. ఏ ఊళ్ళు ఏ ఇంటి వంతో ముందే పంపకం అయి ఉంటుంది, పటం లేనివాడికి ఆ ఊళ్ళో అడుగు లేదు. పాతబడి చిరిగిన పటానికి పూజ చేసి నీళ్ళలో కలపడం ఆనవాయితీ. కళాచరిత్రకారుడికి ఈ మాట చెబితే గుండె జారుతుంది. ఆయన గాజు పెట్టెలో భద్రంగా ఉంచినది, కథకుడి లెక్కలో కర్మకాండ దక్కని శవం. ఇద్దరిలో ఎవరు రైటు? నేను కళాచరిత్ర పక్షాన పూర్తిగా నిలబడలేను. గుడ్డను దాచి, పాట చెప్పేవాడి వంతు ఊళ్ళు ఏమయ్యాయో అడగకపోవడం సంరక్షణ కాదు. అట్లని అన్ని పటాలూ గోదారి పాలైతే రేపటి నకాషీకి చూసి నేర్చుకునే పాత కొలమానం మిగలదు. దీనికి ఒప్పందం కావాలి. కొత్త పటం వేయించి కథకుడికి ఇచ్చి, పాతదాన్ని తీసుకొని, దాని కథనాన్ని ఆయన గొంతుతో రికార్డు చేసి, ఆ రికార్డు మీద ఆయనకు హక్కు రాసి పెట్టే ఒప్పందం. దీన్ని రాయడానికి ఒక లాయరు కూడా రావాలి. న్యాయశాస్త్రం ఇంతవరకు మన సెమినార్లలో కుర్చీ ఎరగదు.

స్త్రీల సాక్ష్యం ఒకటి చెప్పకుండా దాటలేను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లోనే మాట్లాడారు. పార్టీ చరిత్రల్లో లేని ప్రసవాలు, అడవిలో వదిలేసిన పసిగుడ్లు, పోరాటం ముగిశాక తిరిగి వంటింట్లోకి పంపిన తీరు అందులోంచి బయటికి వచ్చాయి. అది చరిత్రా, సాహిత్యమా, రాజకీయమా అని అప్పట్లో కొందరు పెద్దలు తర్జనభర్జన పడ్డారు. ఆ తర్జనభర్జన ఇవాళ ఎవరికీ గుర్తులేదు, పుస్తకం ఉన్నది.

ఇక ఈ జిల్లాల నుంచి ఒక మనిషి. సామల సదాశివ. 1928లో పాత ఆదిలాబాద్ జిల్లా తెనుగుపల్లెలో పుట్టారు, 2012లో పోయారు. బడిపంతులుగా మొదలుపెట్టి ఆదిలాబాద్‌లోనే జీవితం గడిపారు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, హిందీ ఆయనకు ఇంటిభాషలంత దగ్గర. అమ్జద్ రుబాయీలను తెలుగులోకి తెచ్చారు, ఉర్దూ సాహిత్య చరిత్ర రాశారు. హిందుస్తానీ సంగీతం మీద ఆయన రాసిన ‘స్వరలయలు’కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అకాడమీ దాన్ని వ్యాసాలు అన్నది. నిజానికి ఆ పుస్తకం ఏ బీరువాలో పెట్టాలో గ్రంథాలయాలకు తెలియదు. ఒక ఖాన్‌సాహెబు కథ చెబుతుంటే అది ఘరానా చరిత్ర అవుతుంది, ఒక గజల్ షేరు అర్థం చెబుతుంటే కావ్యశాస్త్రం అవుతుంది, నడుమ ఒక ముస్లిం మిత్రుడి ఇంటి మర్యాద వస్తే సామాజిక చరిత్ర అవుతుంది. చదువుతుంటే మాత్రం అరుగు మీద కూర్చొని ఒక పెద్దమనిషి ముచ్చట చెబుతున్నట్టే ఉంటుంది. ఇతర శాస్త్రాలు ఆయన వాక్యంలో అతుకు కనబడకుండా కలిసిపోయాయి. మన దగ్గర రెండో అధ్యాయంలో అతుకే కనబడుతుంది, బట్ట కనబడదు.

ఆయనను గొప్పవాడని చెప్పి వదిలేస్తే ఈ పరిశోధన అదృష్టవశాత్తు పుట్టే మనుషుల పని అయిపోతుంది. సదాశివ గారికి ఉర్దూ ఎక్కడిది? నిజాం కాలపు బడి ఇచ్చింది. ఆదిలాబాద్ ఊరు నాలుగు భాషలు కలిసే మూల కాబట్టి మరాఠీ వచ్చింది. ఇవాళ ఆదిలాబాద్‌లో తెలుగు ఎం.ఏ. చదివే పిల్లవాడికి గోండి కానీ, మరాఠీ కానీ, ఉర్దూ కానీ ఒక్క పేపరుగా కూడా దొరకదు, ఆ మూడు భాషలు మాట్లాడే క్లాస్‌మేట్లు మాత్రం అదే బెంచీ మీద ఉంటారు. సిద్ధాంతం ముందు అక్కడ మొదలు కావాలి. పర్ధాన్ ఇంటి పిల్ల ఎం.ఏ.లో చేరితే ఆమె ఇంటిభాషకు, పాటభాషకు ఉన్న దూరమే ఆమెకు మంచి పరిశోధనాంశం. ఆమెకు మనం ఇచ్చే అంశం ‘ఫలానా నవలలో స్త్రీ పాత్రల చిత్రణ’.

విద్యాసంస్థలకు నా విన్నపం చిన్నది, ఖర్చు తక్కువది. శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది, ఇంకా పాత అలవాట్లు గట్టిపడని వయసు. కాకతీయ, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలకూ ఇదే చెబుతాను. సాహిత్య, సంస్కృతి అంశం మీద వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథానికి పరీక్షకుల్లో ఒకరు ఇంకో శాస్త్రం నుంచి ఉండాలి. శాసనం మీద గ్రంథమైతే శాసనశాస్త్రం తెలిసినవారు, పురాణం మీద గ్రంథమైతే ఆ వాద్యం తెలిసినవారు. రిపోర్టులో ‘ఆమోదయోగ్యం’ అని ఒక్క మాట రాసి పంపించే పరీక్షకుడు కాకుండా, ఏ అధ్యాయంలో తన శాస్త్రం ఈ వాదాన్ని కాదంటున్నదో రాసి తీరాలనే నిబంధన ఉండాలి. విద్యార్థి దానికి జవాబు రాసి గ్రంథంలోనే చేర్చాలి. జవాబు లేకపోతే ఆ ప్రశ్ననే అచ్చు వేయాలి.

ఇంకో మాట. పర్ధాన్ పురాణం మీద, పటం కథ మీద, ఒగ్గు కథ మీద వైవా జరిగే రోజున ఆ పాట చెప్పిన మనిషిని బస్సు ఖర్చులు, రోజు కూలి ఇచ్చి పిలిపించాలి. ‘సమాచారదాత’ అని అనుబంధంలో ఫోటో వేసి సరిపెట్టకుండా బల్లకు ఇవతల, పరీక్షకుల వరసలో కుర్చీ వేయాలి. తన పాటకు ఏ అర్థం చెప్పారో ఆయనకు చదివి వినిపించాలి. ఆయన ‘ఇది మా పాట కాదు బిడ్డా’ అంటే ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కాలి, డిగ్రీ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.